ఐసు రొక్కం

మరుతీవి దీవిలో చెల్లే డబ్బు ఐసుగడ్డ. గింజంత పలుకు చిల్లర, ఇటుకంత గడ్డ పెద్దనోటు. ఎండలు మండే చోట ఇలాంటి రొక్కం ఎందుకని అక్కడ ఎవరూ అడగరు. విమానం దిగిన యాత్రికుడి దగ్గర రూపాయలు తీసుకుని, మారకం కౌంటరులో గడ్డలు కోసి, తడిగోనె ముక్క కప్పి, రసీదుతో సహా ఇస్తారు.

తెనాలిలో ఒక సహకార బ్యాంకు డిపాజిట్ల విభాగంలో పనిచేసే వల్లూరి పట్టాభి, పెళ్లయిన పాతికేళ్లకు భార్య సుభాషిణిని అక్కడికి తీసుకువెళ్లాడు. ఖర్చు కాకుండా మిగిలిన డబ్బును మించిన సుఖం ఆయన ఎరగడు. తెచ్చిన సొమ్ములో సగం వెనక్కి పట్టుకెళ్లాలని బయల్దేరేటప్పుడే నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. ఆవిడకు చెప్పకుండానే తెలుసు.

కౌంటరులో కూర్చున్న దాలినాయుడు పలాస నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాడు. తెలుగువాళ్లని చూసి సంబరపడ్డాడు. మబ్బు పట్టిన రోజున రొక్కం విలువ నిలబడుతుందనీ, మిట్టమధ్యాహ్నం పడిపోతుందనీ వివరించి, నాలుగు ఇటుకలు కోసి ఇచ్చాడు.

"ఎండలో నిలబడిపోకండి బాబూ, కారిపోతాది" అని హెచ్చరించాడు.

హోటలు చేరేసరికి ఒక ఇటుక సబ్బుబిళ్లంత అయింది. గదిలో ఫ్రిజ్ లేదు. దీవి మొత్తానికి ఫ్రిజ్ ఉన్నది ప్రభుత్వ ఖజానాలోనే. భార్య స్నానానికి వెళ్లగానే మిగతా మూడిటినీ పగలగొట్టి, కాఫీకని తెచ్చుకున్న పెద్ద ఫ్లాస్కులో కూరి, పెట్టెలో బనియన్ల అడుగున దాచాడు.

మర్నాడు నిల్వ నిరోధక శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. దుబాసీగా దాలినాయుడిని వెంటబెట్టుకొచ్చింది. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందని మర్యాదగానే చెప్పింది. రాత్రి దాటించి డబ్బు ఉంచుకున్నవాళ్లు దాన్నంతటినీ పొద్దు గుంకేలోగా పదిమంది ఎదుట ఖర్చు పెట్టాలి. అదీ శిక్ష.

"మరి రేపు అవసరం పడితేనో?" అన్నాడు పట్టాభి.

ఇన్‌స్పెక్టరమ్మ జవాబును దాలినాయుడు తెలుగులో అందించాడు. "రేపటికి రేపటి గడ్డ ఉంటాది బాబూ. ఇది ఇయ్యాల్టిది."

భార్యతో సహా ముగ్గురూ వెంటరాగా పట్టాభి ఫ్లాస్కు పట్టుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్లాడు. మొదట గొడుగు బేరమాడాడు. బేరం తెగేలోపు, బయటికి తీసిన ఐసు కరిగి గొడుగు ఖరీదుకు రెండింతలు ఇసుకలోకి ఇంకిపోయింది. ఆ తరవాత జన్మలో మొదటిసారి, అడిగిన ధరకే అనాసపళ్లు కొన్నాడు. కొన్నవి ఒడ్డున ఉన్నవాళ్లందరికీ పంచాడు. డప్పులవాళ్లని పిలిపించాడు. పడవ మాట్లాడాడు. పడవ ముక్కున కూర్చుని సుభాషిణి గొంతెత్తి పాడింది. ఆవిడ పాడుతుందని పట్టాభికి అప్పటిదాకా తెలియదు. అంతకు ముందు ఎందుకు పాడలేదని అడిగితే, మీరెప్పుడూ ఏదో లెక్కలో ఉండేవారు కదండీ అంది.

పొద్దు వాలేసరికి ఉసిరికాయంత పలుకు మిగిలింది. ఆయన దాన్నేం చేయాలా అని చూస్తుండగానే సుభాషిణి తీసి నోట్లో వేసుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ అది చట్టబద్ధమేనని రాసుకుంది. పట్టాభి కడుపుబ్బ నవ్వాడు. మిగిలిన రోజులు ఎవరూ చెప్పకుండానే అలాగే గడిపారు.

తెనాలి వచ్చాక మొదటి సోమవారం, ఒక రిటైర్డ్ మేష్టారు పదేళ్ల డిపాజిట్ వేయడానికి నోట్ల కట్ట తెచ్చారు. పట్టాభి అందుకుంటే అరచెయ్యి చెమ్మగిల్లింది. కట్ట అంచునుంచి ఒక చుక్క బల్ల మీద పడింది. మేష్టారు గమనించలేదు. పట్టాభి రసీదు రాసి ఇచ్చి, క్యాంటీను నుంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి సొరుగు కింద పెట్టడానికి వంగాడు. పక్క కౌంటరులో విజయగౌరి సొరుగు కింద అప్పటికే ఒక గిన్నె ఉంది, దాదాపు నిండి. మేనేజరు బల్ల కింద బకెట్టు ఉంది.

"ఎన్నాళ్ల నుంచండీ ఇది?" అని అడిగాడు.

"నేను చేరినప్పటి నుంచీ ఉందండీ" అంది విజయగౌరి, నోట్లు లెక్కపెట్టడం ఆపకుండా. "సాయంత్రం మొక్కలకి పోసేస్తాం."