కిలోల లెక్కన ల్యాప్‌టాప్

"ఈ మార్చి నెలాఖరుకల్లా మా ఆఫీసులో డెస్క్‌టాప్ అనే మాట వినపడదు!" అని 2008లో విశాఖపట్నం జాలరి సంక్షేమ మండలి చైర్మన్ శ్రీరామ్మూర్తిగారు విలేకరులను పిలిచి ప్రకటించారు. డెస్క్‌టాప్ చేసే పనులన్నీ చేస్తూ, అవసరమైతే చంకలో పెట్టుకుని సముద్రం ఒడ్డుదాకా తీసుకెళ్ళగలిగే మహాశక్తిమంతమైన ల్యాప్‌టాప్ ఒకటి కొంటారట. పాలన ఇక ప్రజల దగ్గరికే నడిచి వెళుతుందట. విలేకరులకి జీడిపప్పు ఉప్మా పెట్టారు.

దాన్ని ఎంపిక చేసే సాంకేతిక కమిటీగా సీనియర్ అసిస్టెంట్ త్రినాథరావుని నియమించారు. కమిటీ అంతా అతనొక్కడే. కంప్యూటర్ మొరాయిస్తే ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాలన్న రహస్యం ఆఫీసు మొత్తంలో అతనికే తెలుసు మరి. ఇంటికెళ్ళి భార్య ధనశ్రీతో "నన్ను టెక్నికల్ ఎక్స్‌పర్ట్‌ని చేశారే" అన్నాడు. "అయితే ముందు ఆ మిక్సీ సంగతి చూడండి" అందావిడ. చూశాడు. ఆ మిక్సీ మళ్ళీ తిరగలేదు.

చిక్కల్లా కంప్యూటర్ల పద్దులో పైసా లేకపోవడమే. వలల పద్దులో మాత్రం ఒక్క వలకి సరిపడా సొమ్ము మిగిలింది. అది పెదజాలరిపేట గంగాలమ్మ వల. ఉన్న ఒక్క వలా తుఫానుకి కొట్టుకుపోయాక ఆవిడ మొగుడు జగ్గయ్య సొంత పడవని ఒడ్డున పెట్టి పరాయి పడవలో కూలికి పోతున్నాడు. పన్నెండు కిలోల నైలాన్ వల ఇస్తామని మండలి కాగితం రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ ప్రతి సోమవారం వచ్చేది.

"ఏటి బాబూ, నా వల వత్తాదా, రాదా? ఎండాకాలం సేపల వేట బందు అయిపోయేసరికి సేతిలో వల లేకపోతే ఈ ఏడు కూడా మాకు ఊళ్ళోవోల పడవే గతి."

"వస్తాదమ్మా, ప్రాసెస్‌లో ఉంది" అనేవాడు త్రినాథరావు. ప్రాసెస్ అంటే ఏమిటో అతనికీ తెలీదు.

"వలల పద్దులోంచి తియ్యవయ్యా! ల్యాప్‌టాప్ మాత్రం జాలర్ల కోసం కాదేటి?" అన్నారు చైర్మన్. త్రినాథరావు అభ్యంతరం చెబుదామని నోరు తెరిచాడు. ఆవలింత అనుకుని చైర్మన్ టీ తెప్పించారు. త్రినాథరావు ఆ టీ తాగాడు.

మర్నాడు ఇద్దరూ పాత పోస్టాఫీసు దగ్గర అబ్దుల్ రజాక్ కంప్యూటర్ షాపుకి వెళ్ళారు. రజాక్ ముందుగా సన్నటి ల్యాప్‌టాప్ ఒకటి చూపించాడు. "ఆఫీసు పనికి ఇది చాలు సాబ్. బ్యాటరీ నాలుగ్గంటలు వస్తుంది."

చైర్మన్ అందుకుని పెదవి విరిచారు. "ఏటయ్యా ఇది, చేత్తో పట్టుకున్నట్టే లేదు! ఉక్కు నగరం పరువేం కావాలి? గట్టిది చూపించు."

రజాక్ మొహమాటపడుతూ లోపల్నుంచి నల్లటిదొకటి రెండు చేతులా మోసుకొచ్చాడు. స్విచ్చి నొక్కగానే ఎర్ర లైట్లు వెలిగాయి, ఫ్యాను హోరెత్తింది, తెరమీద ఒక కారు అగ్నిపర్వతం మీంచి దూకింది.

"ఇది గేమింగ్‌ది సాబ్. కుర్రాళ్ళు ఆటలాడుకునేది. ముప్పావుగంటలో బ్యాటరీ ఖతం. ఒళ్ళో పెట్టుకుంటే తొడ కాలిపోద్ది."

"డెస్క్‌టాప్ పనులన్నీ చేస్తుందా?"

"దీన్ని డెస్క్‌టాప్ రీప్లేస్‌మెంట్ అనే అంటారు సాబ్, కాకపోతే..."

"విన్నావా త్రినాథరావూ! కంపెనీవాళ్ళే అంటున్నారు!"

అయినా నిర్ణయం నిబంధనల ప్రకారమే జరిగింది. మండలి పుట్టినప్పట్నుంచి వలలూ తాళ్ళూ తప్ప ఏమీ కొనలేదు; ఉన్న డెస్క్‌టాప్ కూడా హైదరాబాదు నుంచి పంపిందే. కాబట్టి ధరలు పోల్చే ఫారం ఒక్కటే ఉంది. అందులో ప్రాసెసర్, మెమరీ లాంటి గడులు లేవు. బరువు, కిలో ధర అని రెండు గడులున్నాయి. కిలో ఏది చవకైతే అదే కొనాలి. ఆ గడులు కొట్టెయ్యొచ్చు కదా అని త్రినాథరావుకి తోచకపోలేదు. కానీ అచ్చయిన ఫారంలో అక్షరం కొట్టెయ్యాలంటే హైదరాబాదు అనుమతి కావాలి. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అతను ధైర్యంగా కొట్టేసినవి క్యాలెండర్లో తేదీలే. వెంట తెచ్చిన వలల కాటాకి ల్యాప్‌టాప్‌లని ఒకటొకటిగా తగిలించాడు.

సన్నటిది రెండు కిలోలు కూడా తూగలేదు. నల్లటిది చార్జరుతో, సంచీతో కలిపి అయిదు కిలోల ఎనిమిది వందలు తూగింది. కిలో లెక్కన అదే చవక.

"చార్జరే కిలో ఉందండి సార్!" అన్నాడు త్రినాథరావు, తనే కన్నట్టు గర్వంగా.

"మా అబ్బాజాన్ తుక్కు వ్యాపారం చేసేవారు సాబ్" అన్నాడు రజాక్. "మీ కొనుగోలు చూసుంటే చాలా సంతోషించేవారు."

ప్రారంభోత్సవంనాడు ల్యాప్‌టాప్ చైర్మన్ చంకలో ఫొటో కోసం రెండు నిమిషాలుంది. మూడో నిమిషంలో ఆయన భుజం పట్టేసింది. దాంతో డెస్క్‌టాప్‌ని బల్ల కిందికి దించి, అదే చోట దీన్ని పెట్టి, ప్లగ్గు బిగించారు. అది ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. ప్రింటరు తీగ దానికి పట్టలేదు. అందుకని ఉత్తరాలు మాత్రం త్రినాథరావు నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని పాతదాని మీదే కొట్టేవాడు. చైర్మన్ పొద్దున్నే కారు రేసు మొదలుపెట్టి, డైరీలో 'క్షేత్ర పర్యటన' అని రాసేవారు. భోజనాల వేళ త్రినాథరావు కూడా పర్యటించేవాడు. మూడో లెవెల్ దాటాడు కూడా.

మే నెలలో ఆడిట్ అధికారి సూర్యకాంతమ్మగారు వచ్చారు. "వలల పద్దులో కొన్నారు. బరువు రాశారు, బాగుంది. పుచ్చుకున్న జాలరి వేలిముద్రేది? రేపటికల్లా లేకపోతే సొమ్ము మీ జీతంలోంచి కోత పెడతాను" అన్నారావిడ.

"గంగాలమ్మని పిలిపించి ముద్ర వేయించెయ్. ఆవిడకేం తెలుస్తాది!" అని చైర్మన్ త్రినాథరావు చెవిలో ఊదారు.

వల ఇస్తారని కబురందగానే గంగాలమ్మ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. 'వల, ఒకటి, ముట్టినది' అన్నచోట వేలిముద్ర వేసి, సిరా జుట్టుకి రాసుకుని, చుట్టూ చూసింది.

"వల ఏది బాబూ?"

ప్రాసెస్‌లో ఉంది అనడానికి త్రినాథరావు నోరు తెరిచాడు. ఆవిడ మొహం చూశాక చచ్చేంత సిగ్గేసింది. వేలు మాత్రం ల్యాప్‌టాప్ వైపు చూపించింది.

"రిజిస్టరు ప్రకారం... అదేనమ్మా."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. తిన్నగా వెళ్ళి ప్లగ్గు పీకింది. చార్జరూ సంచీతో సహా ఎత్తి, చేపల బుట్టని అంచనా కట్టినట్టు రెండు చేతుల్లో ఆడించి, ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

చైర్మన్ గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. "పట్టుకుపోతంది ఏటయ్యా! ఆపు!"

"ముద్ర పడిపోయిందండి" అన్నాడు త్రినాథరావు. ఎదురుగా సూర్యకాంతమ్మగారు రిజిస్టర్లో టిక్కు పెట్టారు. చైర్మన్ నవ్వుతూ ఆవిడకి టీ తెప్పించారు.

వేట బందు ముగిసిన రెండో సోమవారం గంగాలమ్మ మళ్ళీ వచ్చింది. బల్లమీదికి తిరిగొచ్చిన డెస్క్‌టాప్ వెనక త్రినాథరావు దాక్కున్నాడు. ఆవిడ అతని ముందు ఒక కోనాం చేప పెట్టింది.

"కొత్త వల్లో పడ్డాది బాబూ. సంచీ మీద పేరు సూసి ఆటో అబ్బాయి రజాకు బాబు కొట్టుకి తీసుకెల్తే, ఆయన ఆ పెట్టె తీసుకుని వల కొనిచ్చినాడు. మా ఆయన సొంత పడవలో ఎల్తన్నాడు."

త్రినాథరావు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ సర్వీసులో అతని చేతుల మీదుగా ఒక వల చేరాల్సిన చోటికి చేరడం అదే మొదటిసారి.

"ఇంకోటి బాబూ" అంటూ ఆవిడ పాత కాగితం తీసింది. "ఇందల పన్నెండు కేజీలని రాసినారు. మీరిచ్చింది నా సేతి తూకానికి అయిదు కేజీల ఎనిమిదొందలు. మిగతాది ఎప్పుడిత్తారు?"

త్రినాథరావు సొరుగులోంచి అచ్చు ఫారం తీశాడు. బరువు గడిలో 'ఆరు కిలోల రెండు వందలు' అని గుండ్రంగా రాసి, చైర్మన్ గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఇంకో ల్యాప్‌టాప్ కొందామండీ. ఈసారి ఇంకొంచెం బరువుది."