ఒంట్లో పంచదార

ఇకమీదట ఏ రోగమూ నోరు దాటి లోపలికి పోజాలదని దంతరక్షణ సంఘాధ్యక్షులు వెంకట్రామయ్యగారు క్రోసూరు సంతలో ప్రకటించారు. పళ్ళు చూసేటప్పుడే పంచదార జబ్బు కూడా పట్టేస్తారట. అందరం చప్పట్లు కొట్టాం. పంచదార కొలిచి ఇచ్చే రేషను కమిటీకి కూడా వారే అధ్యక్షులు గనుక నేను ఇంకొంచెం గట్టిగా కొట్టాను.

మిషను బడిలో నాలుగో క్లాసుతో చదువు మానినదాన్ని, ఇంత పెద్ద పథకాలు నాకు పూర్తిగా అందవు. నాకు తెలిసిందల్లా మా సుందరి సంగతి. ఆరేళ్ళ పిల్ల. కుండెడు నీళ్ళు తాగుతుంది, పుల్లలా ఎండిపోతోంది.

పళ్ళ డాక్టరు జయరాజుగారు దాని చిగుళ్ళు నొక్కి, నోటి వాసన చూసి, నవ్వడం మానేశారు. మూత్రం తెప్పించి నీలం మందులో కాచారు. ఇటుక రంగుకు తిరిగింది.

"ఒంట్లో పంచదార చానా ఉందమ్మా. గుంటూరులో రోజూ సూదిమందు పడాల. ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు" అని చీటీ రాసిచ్చారు. దానిమీద అధ్యక్షులవారి సంతకం ఉంటేనే మందు ఇవ్వాలని పథకంలో రూలు.

అధ్యక్షులవారు కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా చదివారు.

"ఇంట్లో పంచదార చానా ఉందా? ఎక్కడ దాచావమ్మా?"

"ఇంట్లో కాదండీ, ఒంట్లో. పిల్ల ఒంట్లో."

"ఊరంతా కాఫీలో బెల్లం వేసుకుంటుంటే నువ్వు దాచిపెట్టి పిల్లమీద చెబుతున్నావా?"

గుమాస్తా సత్తార్ చీటీలోకి తొంగిచూశాడు. "డాక్టరుగారి 'ఒ' అట్టానే ఉంటదండీ, 'ఇ' మాదిరి."

"ఏందిరా, అంత చదివినాయన తప్పు రాస్తాడంటావా?"

"లేదండీ."

ఆ పూటే వారు స్వయంగా నలుగురు మనుషులతో మా ఇంటికి దయచేశారు. బియ్యం గుమ్మరించారు. దుప్పట్లు దులిపారు. అడుగున కరిగి ఉందేమోనని కుండలో నీళ్ళు పారబోశారు. ఆ నీళ్ళు పోయిన వంకే సుందరి చూస్తూ కూర్చుంది.

పక్కింటి ఆరోగ్యమ్మ పిన్ని గడపలో నిలబడింది. "ఏమే, మొన్న మా వాడి జ్వరానికి చెంచాడు అడిగితే లేదంటివి గదే."

అధ్యక్షులవారు ధర్మాత్ములు. ఏమీ దొరకనందుకు నన్ను ఒక్క మాట అనలేదు. అదే చీటీ కింద "తనిఖీ చేసితిమి. పంచదార లేదు" అని రాసి, చక్కటి సంతకం చేసి, ముద్ర కూడా వేశారు.

"సంతకమేగా అడిగావు? ఇదిగో. ఇంక గుంటూరు పో."

మర్నాడు సుందరిని భుజాన వేసుకుని సంతలో బస్సు కోసం నిలబడ్డాను. అక్కడ అధ్యక్షులవారు మాట్లాడుతున్నారు.

"మన పళ్ళ పరీక్షలో ఒకచోట పంచదార బయటపడింది. నేనే వెళ్ళి చూశాను. ఇప్పుడు లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నా భుజం మీద సుందరి కూడా కొట్టబోయింది. చేతులు కలవలేదు.