దేవుడి పుంజు ఈకలు

ఆ గురువారం అనంతకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదింటికి లేవడం, వాకింగ్ అని చెప్పి స్కూటర్ మీద కెలవరపల్లి డ్యాంకు పోవడం, గంటసేపు చేపలతో పోట్లాడడం, ఏడింటికల్లా వచ్చి ఇడ్లీ తినడం. వాకింగ్‌కు పోయే మనిషికి స్కూటరెందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగనంత కాలం అది అబద్ధం కిందికి రాదని అతని నమ్మకం.

ఇది 1998 నాటి సంగతి. హోసూరులో అతను పనిచేసే ఫ్యాక్టరీకి మిషన్ బిగించడానికి వచ్చిన స్వీడన్ ఇంజనీరు, తిరిగి పోతూ సన్నటి గాలపు కర్రనూ దాని విద్యనూ అతనికి వదిలిపోయాడు. ఈ విద్యలో వానపాము ఉండదు. గాలపు ముల్లుకు కోడి ఈక చుట్టి పురుగులా చేసి, దారాన్ని కొరడాలా గాలిలో ఆడించి, ఆ పురుగును మెల్లగా నీళ్ళ మీద వాల్చాలి. చేప మోసపోయి పట్టుకుంటుంది. కాసేపు పోరాడాక దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. ఆ పోరాటానికే అనంతకుమార్ పిచ్చివాడైపోయాడు. జిలేబి చేప మందు వద్దనే చంటిపిల్లలా తల విదిలిస్తుంది. రోహు అడుక్కి పోయి కూర్చుంటుంది, కదలదు. కొర్రమీను తిన్నగా నాచులోకి దూరి దారాన్ని చిక్కేస్తుంది. కళ్ళు మూసుకుని కూడా ఏది ఏదో చెప్పగలనని అతని గర్వం.

ఇంట్లో దాచడానికి కారణం ఉంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు అతని భార్య రేణు కడుపుతో ఉంది. ఆరో నెల. కడుపుతో ఉన్నామె మొగుడు ఏ ప్రాణి జోలికీ పోకూడదని రేణు తల్లి కెంచమ్మ ఆంక్ష పెట్టింది. ఆమె అతనికి సొంత మేనత్త కూడా కాబట్టి రెండు విధాలా ఎదురు చెప్పే వీలు లేదు. కాన్పు సుఖంగా జరిగితే మునీశ్వరుడికి ఇస్తానని మొక్కుకున్న పుంజును చంకన పెట్టుకుని ఆమె తన ఊరు బేరిగై నుంచి వచ్చి దిగింది. ఆ పుంజు మెడ ఈకలు నిప్పురవ్వల్లా మెరిసేవి. అనంతకుమార్ రోజుకు రెండు పెరికాడు. పురుగు తోకకు రేణు దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు చక్కగా సరిపోయాయి.

ఆ పొద్దున అతను బయలుదేరబోతే గడప దగ్గర కెంచమ్మ కదలకుండా నిలబడి ఉంది. కళ్ళాపి చెంబు చేతిలోనే ఉంది. ఆమె కాలి బొటనవేలి మీద ఒక్క రక్తపు చుక్క. కింద, ముందురోజు అతని జేబులోంచి జారిన పురుగు. ముల్లు, ఎర్ర ఈక, నల్లటి పొడుగాటి వెంట్రుక, ఎర్ర దారంతో ఏడు చుట్లు.

"ముట్టుకోవద్దు అనంతా," అంది కెంచమ్మ గొంతు తగ్గించి. "ఎవురో చేతబడి చేసినారు."

అప్పుడే నిజం చెప్పేసి ఉంటే అంతటితో పోయేది. అనంతకుమార్ నోట్లోంచి మాత్రం, "అట్లనా అత్తా?" అని వచ్చింది.

కెంచమ్మ పెరట్లోకి పోయి పుంజును చూసింది. మెడ సగం బోడిగా ఉంది. "మునీశ్వరుడి సొత్తునే ముట్టినారు," అని ఆమె అక్కడే కూలబడింది. పక్కింటి పుట్టమ్మ పరామర్శకు వచ్చి ఇంకో సంగతి చెప్పింది. "డ్యాం కాడ మంచులో ఒకడు మోకాటి నీళ్ళలో నిలబడి కర్ర ఊపుతా ఉండాడంట. మా ఆయన చూసినాడు. మొగం లేదంట. శబ్దమూ లేదంట." ఆ ఒకడు తనేనని తెలిసి కూడా అనంతకుమార్ వెన్ను జలదరించింది.

కెంచమ్మ కబురు పెడితే పది గంటలకు వీరాస్వామి వచ్చాడు. డ్యాం పక్క పల్లెలో మంత్రాలు వేస్తాడు, కట్లు విప్పుతాడు. పురుగును వెలుతురుకు పెట్టి చూశాడు, వాసన చూశాడు, చుట్లు లాగి చూశాడు. "భలే పనితనం," అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు పెంచి, "ఇది ఒకటితో పోయేది కాదమ్మా. ఇంకా ఉండాల. ఎదకండి," అన్నాడు.

కెంచమ్మ వెదికితే స్కూటర్ పెట్టెలో రేకు డబ్బా దొరికింది. లోపల పన్నెండు పురుగులు వరుసగా పడుకుని ఉన్నాయి. అల్లుడికి కూడా గురి పెట్టారని ఆమె అతని తల చుట్టూ ఉప్పు తిప్పింది. వీరాస్వామి డబ్బాను పసుపు గుడ్డలో చుట్టి, అవసరమైన దానికన్నా గట్టిగా చంకలో ఇరికించుకుని వెళ్ళిపోయాడు.

"ఆ వెంట్రుక నాదే," అంది రేణు మొగుడి మొహం చూస్తూ. ఆ పూటా అన్నం తినలేదు, సాయంత్రమూ తినలేదు.

"ఎల్లుండి దీన్ని బేరిగైకి పిలుచుకుని పోతా," అంది కెంచమ్మ. "బిడ్డకు మూడో నెల వచ్చినంక చూద్దాము."

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన బిడ్డ తొలి ఏడుపు తను వినడన్నమాట. రేణు ముద్ద మింగకపోవడం కూడా తన పుణ్యమే. అనంతకుమార్‌కు నిజంగా ఏడుపొచ్చింది. పొద్దున్నే కర్రను డ్యాంలో పారేసి, వచ్చి అంతా ఒప్పుకోవాలని నిశ్చయించుకున్నాడు.

శుక్రవారం తన చెయ్యి తనకే కనబడనంత మంచు. వాగు డ్యాంలో కలిసే సన్నటి పాయలో దిగాడు. టోపీకి గుచ్చిన ఆఖరి పురుగు మిగిలి ఉంది. పారేసే ముందు ఒక్కసారే అనుకుని విసిరాడు. పురుగు నీళ్ళను తాకీ తాకకముందే దారం బిగుసుకుంది.

తల విదిలించలేదు, జిలేబి కాదు. అడుక్కి పోలేదు, రోహు కాదు. నాచు వైపూ పోలేదు. అతను లాగితే అది లాగింది. వదిలితే వదిలింది. అతను ఆగితే, అదీ ఆగింది, ఏం చేస్తాడో చూద్దామన్నట్టు. ఇలా ఆలోచించే చేప సంగతి స్వీడన్ ఇంజనీరు చెప్పలేదు. అనంతకుమార్‌కు దేవుడి పుంజు గుర్తొచ్చింది.

అప్పుడు మంచులోంచి ఒక గొంతు, వణుకుతూ, "తప్పయిపోయింది తల్లీ. నీ జోలికి మళ్ళీ రాను. ఒదిలేయ్," అంది.

అనంతకుమార్ అదే మాట తనూ అనబోతున్నాడు. గాలి వీచి మంచు చీలింది. పాయకు అవతలి ఒడ్డున తడి పంచెతో వీరాస్వామి, చేతిలో వెదురు గడ, దాని దారం చివర ఇతని దారంతో పెనవేసుకున్న ఎర్ర ఈక.

అనంతకుమార్ దారం చుట్టుకుంటూ పాయ దాటి అతని దగ్గరికి పోయాడు.

"ఇది చేతబడి కాదని నీకు తెలుసా?" అన్నాడు అనంతకుమార్.

"ముప్పై ఏండ్లుగా గాలం ఏస్తా ఉండానప్పా. ఎర ఏదో నాకు తెలీదా?"

"మరి నిన్న చెప్పలేదే?"

"చెప్పుంటే డబ్బా ఇచ్చుందురా?"

మధ్యాహ్నానికి వీరాస్వామి విభూతితో ఇంటికొచ్చాడు. కట్టు విప్పాడట గానీ కాన్పు దాకా రేణు ఇల్లు కదలకూడదట. అల్లుడు రోజూ తెల్లవారుజామున డ్యాం నీళ్ళలో గంటసేపు నిలబడి రావాలట. కెంచమ్మ చేతులు జోడించి అన్నిటికీ ఒప్పుకుని, కాన్పు దాకా తనే ఇక్కడ ఉంటానంది.

ఆ సాయంత్రం రేణు రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. తిన్నాక దువ్వెనలోని వెంట్రుకలను కాగితంలో పొట్లం కట్టి అనంతకుమార్ చేతిలో పెట్టింది.

"అంత ఒద్దికగా చుట్టేది నువ్వే అని నిన్ననే తెలిసె బావా. చెప్పకుండా యాడికి పోతా ఉండావో తెలీకనే నాకు అన్నం దిగలా. రేపటినుంచి చెప్పి పో."

చేపల సంగతంతా అతను ఆమెకు అప్పుడే చెప్పాడు. వీరాస్వామి చెప్పిన పరిహారంలో ఇంకో అంశం కూడా ఉంది, శుక్రవారం శుక్రవారం అల్లుడు పుంజు మెడలో ఆరు ఈకలు పెరికి, మూడు ఆయనకు అందించాలని. ఆ సమయంలో పుంజు కాళ్ళు కదలకుండా పట్టుకునే పనిని కెంచమ్మ ఎవరికీ వదిలేది కాదు.