గేటు దగ్గర వదిలిన పెలావు

ఆ ఆదివారం మార్వా తెల్లారకముందే లేచి పెలావు వండింది. ముప్పయ్యేళ్ల కిందట, పెళ్లయిన మర్నాడు, ఆమె, భర్త కార్లైల్ ట్రినిడాడ్ నుంచి పడవెక్కి టొబాగో దీవికి వచ్చి, ఇక్కడి తీరంలోనే బాదం చెట్టు నీడన పెలావు తిన్నారు. ఈసారీ అక్కడే కూర్చుని, అదే తిని, సాయంత్రం పడవకు వెళ్లిపోవాలని ఆమె అనుకుంది. అందుకే, తాము దిగిన చెల్లెలి ఇంట్లో పంచదార నల్లగా మాడ్చి, అందులో కోడిముక్కలు వేయించి, పచ్చికందులు, కొబ్బరిపాలు, బియ్యం వేసి పెద్ద గిన్నెడు వండి, మూత మీద గుడ్డ కట్టింది.

ముప్పయ్యేళ్లలో సముద్రం ఎక్కడికీ పోలేదు గానీ, దానికి అడ్డంగా ఒక రిసార్టు వచ్చి కూర్చుంది.

"మీరు వెళ్లొచ్చు ఆంటీ, గిన్నె వెళ్లకూడదు," అన్నాడు గేటు కాపలాదారు ఆల్విన్.

"సముద్రం మీ రిసార్టువాళ్లు తవ్వించారా?"

"సముద్రం అందరిదీ. దారి మాత్రం మాది. బయటి తిండి లోపలికి రానివ్వం."

"అయితే ఇక్కడే తినేసి, కడుపులో పెట్టుకుని వెళ్తాం. అప్పుడేం చేస్తావు?"

ఆల్విన్ కాస్త ఆలోచించాడు. "దానికి రూలేం లేదు గానీ, గేటు దగ్గర తినకూడదని ఉంది ఆంటీ."

మార్వాకు ఒళ్లు మండింది. కార్లైల్ ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఇతనితో మనకెందుకు? గిన్నె ఇక్కడ పెట్టి, స్నానం చేసొచ్చి, బయటెక్కడైనా కూర్చుని తిందాం," అన్నాడు. మూత తీస్తే ఊరుకోనని ఆల్విన్‌ను హెచ్చరించి, ఆమె సముద్రంలోకి నడిచింది.

ఆల్విన్ మంచివాడే. అసలు గొడవంతా అక్కడే వచ్చింది. గేటు పక్క తన రేకుల గదిలో ఉంటే పెలావు పాడైపోతుందని జాలిపడి, అటు వెళ్తున్న కూరగాయల బండి మీద గిన్నెను వంటగదికి పంపి, చల్లగదిలో పెట్టమన్నాడు. చల్లగది మాట బండివాడు దారిలోనే మరిచిపోయాడు. ఆదివారాలు పక్క ఊరి ఆవిడ ఒకరు రిసార్టుకు నాటు వంట పంపుతుంటుంది. ఇదీ ఆమె పంపిందేననుకుని వంటవాడు గిన్నె చుట్టూ మందారాలు పేర్చి, అతిథుల బల్ల మీద పెట్టాడు.

మార్వా నీళ్లలోంచి వచ్చేసరికి ఒడ్డున కార్లైల్ లేడు, గేటు దగ్గర గిన్నె లేదు.

"వంటగదిలో భద్రంగా ఉంది ఆంటీ," అన్నాడు ఆల్విన్ గర్వంగా. "అంకుల్ దాన్ని తేవడానికే వెళ్లారు."

తడి బట్టల మీద తువ్వాలు చుట్టుకుని మార్వా లోపలికి దూసుకెళ్లింది. అక్కడ ఆమెకు మొదట కనబడింది తన గిన్నె. తర్వాత కనబడింది దాని ముందు పళ్లాలు పట్టుకుని నిలబడ్డ జనం. ఎర్రగా కమిలిపోయిన పొడుగాటి తెల్లాయన ఒకడు ఆమె వండిన కోడికాలును నోటి దాకా తెచ్చేశాడు.

"ఆగండి! అది తినొద్దు!" అని అరిచింది మార్వా.

అంతే. తెల్లాయన కోడికాలు వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. ఆయన భార్య, "ఏం కలిసింది అందులో?" అని కంగారుపడింది. వెనకెవరో, "విషమట!" అన్నారు. ఒకావిడ పిల్లల నోళ్లలో వేళ్లు పెట్టి కక్కించబోయింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే మేనేజరు క్వామినా వచ్చాడు. ఆ ఎండలో కూడా కోటు తొడుక్కుని ఉన్నాడు.

"భయపడకండి! ఇది మా వంటగదిలో, మా వాళ్లు వండింది!" అన్నాడు చేతులెత్తి.

"మీ వాళ్లా?" మార్వా గొంతు లేచింది. "పొగలో కళ్లు మండుతుంటే పంచదార మాడ్చింది నేను! గేటు దాటడానికి పనికిరాని నా పెలావు మీ బల్లెక్కడానికి పనికొచ్చిందా? నన్ను గేటు దగ్గర నిలబెట్టి, నా గిన్నెకు పూలు పెడతారా?"

క్వామినా వంటవాడి వైపు చూశాడు. వంటవాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. సంగతి మేనేజరుకు అర్థమైంది. తమదేనంటే విషం పెట్టిన పాపం చుట్టుకుంటుంది. తమది కాదంటే, దారినపోయేవాళ్ల గిన్నె తెచ్చి అతిథులకు వడ్డించినట్టవుతుంది. ఆయన గొంతు తగ్గించి, "మేడమ్, లోపల కూర్చుని మాట్లాడుకుందాం. మీరేం కోరినా..." అని మొదలుపెట్టాడు.

మార్వా గెలిచింది. ఆ సంగతి ఆమెకూ తెలిసింది. అందరి ముందూ క్షమాపణ చెప్పాలని అడగబోయింది.

సరిగ్గా అప్పుడే, వెనక వరండాలోని మూలబల్ల దగ్గర్నుంచి, పువ్వుల చొక్కాలో, ఖాళీ పళ్లెంతో కార్లైల్ వచ్చాడు. చొక్కా చూసి అతిథే అనుకుని ఎవరో కుర్చీ వేసి వడ్డించారు. అది రిసార్టు వంటేననుకుని, ఆకలిమీదున్న మనిషి కాదనలేదు.

"వచ్చావా మార్వా! గిన్నె కోసం వస్తే బలవంతంగా కూర్చోబెట్టారు. రెండు పళ్లాలు తిన్నాను," అన్నాడు. ఆమె ముఖం చూసి, ఎందుకైనా మంచిదని, "ఎంతైనా నీ పెలావు నీ పెలావే. ఇది దాని కాలిగోటికి కూడా సరిపోదు. ఇందులో రుచీ పచీ ఏముంది?" అని జోడించాడు.

క్వామినా ముఖం వెలిగిపోయింది. "విన్నారుగా!" అన్నాడు అందరి వైపూ తిరిగి. "ఇది ఈవిడ వండింది కాదని సొంత భర్తే చెబుతున్నారు. పైగా రెండు పళ్లాలు తిని నిక్షేపంలా నిలబడ్డారు!"

తెల్లాయన పొట్ట మీంచి చెయ్యి తీశాడు. పళ్లాలు మళ్లీ లేచాయి. మార్వా జనాన్ని తోసుకుని అందుకునేలోపు గిన్నె అడుగు మాడుతో సహా ఖాళీ అయింది. ఆల్విన్ దాన్ని శుభ్రంగా కడిగించి, గుడ్డ మడతపెట్టి తెచ్చి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.

రేవు చేరేదాకా మార్వా ఒక్క మాట మాట్లాడలేదు. పడవ కదిలాక తిట్లు మొదలుపెట్టింది. ట్రినిడాడ్ చేరడానికి మూడు గంటల పైనే పడుతుంది, కార్లైల్‌కు ఈత రాదు.