మొన అరిగిన స్క్రూలు

నవ్వండప్పా, నవ్వండి. తప్పు నాది, దాచేదేముండాది?

మా ఇంటామె నిస్సీ బట్టలు కుడతాది, తెలుసు గదా. బడి తెరిచేలోగా నలభై మంది పిల్లోళ్ళకు యూనిఫారాలు ఇయ్యాల. ఇంట్లో చోటు చాలక, మిద్దె మీద రేకుల రూమొకటి వేసియ్యమని రెండేండ్లుగా అడుగుతాంది. ఈ ఎండాకాలం సరేనన్నా. పైపులు కొత్తవి, రేకులు కొత్తవి. స్క్రూల కాడ నాకు దిక్కుమాలిన తెలివి పుట్టింది.

మా మామ లాజరు పాత కొట్టం విప్పినప్పుడు తీసిన స్క్రూలు బకెట్టు నిండా ఉండాయి. డ్రిల్లు మిషను పెట్టి తిప్పితే ఇనుముకు తామే బొక్క పెట్టుకొని దిగే రకం. కిరసనాయిలుతో కడిగి, తలలకు వెండిరంగు పూసి, కొత్త డబ్బాలో పోసినా. పెండ్లికొడుకుల మాదిరి మెరిసినాయి.

నిస్సీ ఒకటి తీసి వేలితో తడిమింది.

"ఇవి కొత్తవేనా?"

"ఆలూరులో కొన్నా మే. డబ్బా చూడు."

"డబ్బా కొత్తదే."

"నా మీద అనుమానమా?"

"నాకెందుకయ్యా అనుమానం? నువ్వే చెప్తాండావు గదా."

మిద్దెక్కి మిషను పెడితే స్క్రూ గిరగిరా తిరుగుతాది గానీ లోపలికి దిగదు. ఒకసారి ఇనుము తొలిచినాక మొన మొద్దుబారుతాదంట, నాకెవరు చెప్పినారు? విసుగొచ్చి డ్రిల్లుతో ముందే బొక్కలేసినా, కొంచెం పెద్దగానే. అప్పుడు చూడాల, వేలితో తోసినా దిగినాయి. అదే పనితనం అనుకున్నా, నా మొగానికి.

"గట్టిగా పట్టినాయా?" కిందినుంచి నిస్సీ.

"ఏనుగు లాగినా రావు!"

"కొత్తవే గదా?"

"ఎన్నిసార్లు అడుగుతావు మే!"

కుట్టు మిషనూ, బట్టల పెట్టే నేనే మోసి పైన పెట్టినా.

మూడోదినం మధ్యాన్నం గాలీవానా. స్క్రూల తలల కిందుండే రబ్బరు వాషర్లు ఎప్పుడో అణిగిపోయినాయి గదా, స్క్రూకొక ధార. ఆపైన ఒక రేకు లేసి, పక్కింటి మారెన్న పెరట్లో పడింది. ఆయప్ప బర్రె పలుపు తెంపుకొని ఊరు దాటింది. నేను "యూనిఫారాలు!" అని కేకేసి పైకి ఉరికి, పెట్టె మీద బోర్లా పడుకున్నా. కుట్టు మిషను యాడుండాదో చూసుకునే తెలివి యాడిది? అరగంట తడిసినాక నిస్సీ గొడుగేసుకొని వచ్చింది.

"లెయ్ అయ్యా. పెట్టె ఖాళీ."

"బట్టలు?"

"ఎదురింటి హనుమంతమ్మక్క కాడ. మిషను గూడా. మొన్ననే ఇద్దరం దించినాము."

"నీకెట్ల తెలిసింది?"

"పదేండ్లుగా సూదితో బతుకుతాండా. మొన అరిగితే వేలికి తెలీదా?"

"తెలిసి ఎందుకు చెప్పలేదు మే?"

"నువ్వే చెప్తావేమోనని చూసినా. రెండుసార్లు అడిగినా గూడా."

తిట్టింటే శానా బాగుండు. తిట్టలేదు. గొడుగు నా చేతికిచ్చి తడుస్తా దిగిపోయింది.

మరుసటి దినం మేస్త్రీని పిలిపించి, కొత్త స్క్రూలు తనే కొని బిగింపించింది. నాకు నిచ్చెన పట్టుకునే పని పెట్టింది. ఇప్పుడా రూములో చుక్క కారదు. నామీద కోపం గూడా లేదు. నిన్న మాత్రం, "వాన పడతాంది, ఆరేసిన బట్టలు తియ్యి మే" అంటే, "అట్లనా" అని వాకిట్లోకి పోయి, చెయ్యి చాపి చూసుకొని, అప్పుడు తీసిందప్పా.