తీతువు కూతకు అనుమతి

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదో కొలవడానికి వేసిన సంఘం ఇంకా నివేదిక ఇవ్వలేదు కనక పెద్దదనే అనుకుందాం, ఒక వాగు ఉండేది. ఆ వాగు ఒడ్డున, గులకరాళ్ళ మధ్య, తీతమ్మ అనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది.

గూడు కట్టుకోలేదా అంటే, తీతువులు కట్టవు. నాలుగు రాళ్ళు పక్కకు నెట్టి అదే ఇల్లనుకుంటాయి. గుడ్లు కూడా అచ్చం రాళ్ళలాగే ఉంటాయి. కనబడవు కనక కాకి తన్నుకుపోదు. కానీ కనబడనిదాన్ని తొక్కడానికి ఎవరి గిట్టకూ మొహమాటం ఉండదు. అదీ తీతమ్మ భయం.

పొద్దువాలేసరికి దుప్పుల మంద నీళ్ళకు వస్తుంది. మెల్లగా తాగి, వచ్చిన బాటనే వెళ్ళిపోతే ఏ గొడవా లేదు. రెల్లుపొదలోంచి చిరుత దూకిందా, మందంతా చెదిరి గులకరాళ్ళ మీదుగా పరిగెడుతుంది. అందుకని రెల్లు కదిలితే చాలు, తీతమ్మ ముందే లేచి గొంతు చించుకునేది. దుప్పులు తలెత్తి చూసి, బాట పట్టి పోయేవి. గుడ్లు బతికేవి. దుప్పులు కూడా బతికేవి, అది వేరే సంగతి.

"ఊరందరి కోసం అరుస్తావెందుకే, గొంతు పోతుంది," అనేవాడు మొగుడు తీతయ్య, గుడ్లు పొదుగుతూ.

"ఊరి కోసం ఎవరరిచారయ్యా. నా నాలుగు గుడ్ల కోసం అరుస్తున్నా. దాంతో ఊరు కూడా బతికితే బతకనీ, నాకేం నష్టం," అనేది తీతమ్మ.

ఆ రెల్లులో ఉండే చిరుత పేరు మచ్చల దొర. మర్యాదస్తుడు. ఎవరినైనా తినేటప్పుడు కూడా చప్పుడు చేసేవాడు కాదు. తీతమ్మ పుణ్యమా అని అతని కడుపు వీపుకంటుకుపోయింది. ఇంకో చిరుతైతే పిట్ట మెడ కొరికేద్దామని చూసేది. మచ్చల దొర లోకం చూసినవాడు. అర్జీ పెట్టాడు.

అడవికొక పాలక మండలి ఉంది. మండలికి పదకొండు ఉపసంఘాలున్నాయి. ఉపసంఘాలు పదకొండైనా సభ్యులు మాత్రం ముగ్గురే. ఎలుగుబంటి జుట్టప్ప అధ్యక్షుడు. అడవిపంది కోరన్న అమలు చూసే సభ్యుడు, ఏదైనా పెళ్ళగించాలంటే ఆయన్నే పంపుతారు. దుప్పి చుక్కమ్మ గడ్డి మేసేవాళ్ళ తరఫున సభ్యురాలు. పక్కవాళ్ళు తల ఊపితే తనూ ఊపుతుంది, ఎందుకని తర్వాత అడిగి తెలుసుకుంటుంది. రాతకోతలన్నీ గుమాస్తా ముళ్ళపంది ముళ్ళయ్యవి. కలం కోసం వెతుక్కోనక్కర్లేదు, వీపు మీదనుంచి ఒకటి పీక్కుంటే సరి.

వారానికొకసారి వీళ్ళంతా వాగు పక్కనున్న బండ మీద కొలువు తీరేవారు. అర్జీ శబ్ద నియంత్రణ ఉపసంఘం ముందుకొచ్చిన రోజున తీతమ్మను కూడా పిలిచారు.

"నాకోసం కాదండీ అడుగుతున్నది," అన్నాడు మచ్చల దొర, ముందరి కాళ్ళు చేర్చి. "బాలింతలున్నారు, ముసలీముతకా ఉన్నారు. అధ్యక్షులవారికి మధ్యాహ్నం కునుకు కూడా పట్టడం లేదని విన్నాను. మనసు కష్టపెట్టుకున్నాను."

"పది రోజులైంది," అన్నాడు జుట్టప్ప, మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచి.

ముళ్ళయ్య ఆకుల కట్ట విప్పి చదివాడు. "గత ఏడాది వాగు దగ్గర తొమ్మిది చావులు. తొమ్మిదిసార్లూ, చావుకు ముందు, తీతువు కూసింది. కూత లేకుండా జరిగిన చావు ఒక్కటీ లేదు."

బండ మీద అందరూ తీతమ్మ వైపు తిరిగారు.

"కూసినా కదలకుండా నిలబడి తాగినవాళ్ళు పోయారయ్యా," అంది తీతమ్మ. "విని తప్పుకున్నవాళ్ళు ఎందరు బతికారో అది కూడా చదువు."

"చచ్చినవాళ్ళకే పట్టిక ఉందమ్మా. బతికినవాళ్ళు వచ్చి నమోదు చేయించుకోరు."

"తీతువు కూస్తే చావు తప్పదని మా అమ్మమ్మ చెబుతుండేది," అంది చుక్కమ్మ. "పెద్దల మాట ఊరికే పోతుందా. ఇప్పుడు ఆధారంతో తేలింది."

"మీ అమ్మమ్మ ఎలా పోయిందమ్మా?" అంది తీతమ్మ.

"చిరుత పట్టుకుంది. చెవుడు, పాపం."

ముళ్ళయ్య అది రాసుకోలేదు. మచ్చల దొర గౌరవంగా తల దించుకున్నాడు.

తీతమ్మ ఊరుకోలేదు. "ఇది చప్పుడు సంగతి కాదు, ప్రాణాల సంగతి. మీకు ప్రజా భద్రత ఉపసంఘమని ఒకటుంది కదా, దానికి పంపండి."

"న్యాయమైన కోరిక," అన్నాడు జుట్టప్ప. ముగ్గురూ లేచి, బండ మీద ఒకరి చోటు ఒకరు మార్చుకుని కూర్చున్నారు. ప్రజా భద్రత ఉపసంఘం మొదలైంది. శబ్ద నియంత్రణ ఉపసంఘం అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవించింది.

చట్టం అప్పటికప్పుడే తయారైంది. హెచ్చరిక కూత కూయదలచిన ప్రాణి మూడు రోజుల ముందు అర్జీ పెట్టాలి. ప్రమాదం ఏ దిక్కునుంచి, ఏ వేళకు వస్తుందో అందులో చూపాలి. ఎవరి గురించి కూస్తున్నారో వారి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి జతచేయాలి.

"చిరుత ఎప్పుడొస్తుందో మూడు రోజుల ముందు నాకెలా తెలుస్తుంది?"

"అది అర్జీదారు బాధ్యత," అన్నాడు ముళ్ళయ్య.

"దాని గురించి కూయడానికి దాన్నే అడగాలా?"

"రెండో పక్షం మాట కూడా వినాలి కదమ్మా."

"దాందేముంది, తప్పకుండా పరిశీలిస్తాను," అన్నాడు మచ్చల దొర. "ఒకసారి ఇంటికి రండి చెల్లెమ్మా. తీరిగ్గా మాట్లాడుకుందాం."

చివరి నిబంధన కోరన్న చదివాడు. చదివేటప్పుడు అతని ముట్టె కొంచెం అదిరింది, ఆకలో ఉత్సాహమో చెప్పలేం. అనుమతి లేకుండా కూసిన పక్షంలో, గులకరాళ్ళ మీది నివాసము వాగు పోరంబోకు ఆక్రమణగా లెక్కించబడి, గుడ్లతో సహా తొలగించబడును.

తీతమ్మ ఇంటికొచ్చి గుడ్ల పక్కన నిలబడింది. కూస్తే కోరన్న ముట్టె. కూయకపోతే దుప్పుల గిట్టలు.

"నాలుగు రోజులు నోరు మూసుకుని చూద్దామే," అన్నాడు తీతయ్య.

"నీకది అలవాటేగా," అంది తీతమ్మ. కానీ మూసుకుంది.

ఆ సాయంత్రమే రెల్లు కదిలింది. తీతమ్మ గొంతులోకి వచ్చిన కూతను గొంతులోనే మింగింది. మచ్చల దొర హాయిగా, తొందర లేకుండా, ఒక పడుచు దుప్పిని ఎంచుకున్నాడు. మంద చెదిరింది. గిట్టలన్నీ గులకరాళ్ళ మీదుగా పోయాయి. తీతయ్య రెక్కలు పరిచి ఎన్నిటిని కాయగలడు. దుమ్ము అణిగాక లెక్క చూసుకుంటే గుడ్లు మూడు.

తీతమ్మ నాలుగోదాని పెంకు ముక్కుతో పట్టుకుని నేరుగా చుక్కమ్మ దగ్గరికి పోయింది.

"మీ పిల్ల పోయింది, నా పిల్లా పోయింది. ఇప్పుడేమంటావు?"

"బాధగానే ఉందక్కా," అంది చుక్కమ్మ. "కానీ ఒకటి చూడు. ఈసారి కూత లేదు. అంటే ఇది కూత వల్ల వచ్చిన చావు కాదు. సహజ మరణం కింద రాశారు."

వారం తిరిగేసరికి ముళ్ళయ్య కొత్త పట్టిక చదివాడు. కూత తర్వాత చావులు: సున్న. ఉపసంఘం తనను తాను అభినందించుకుంటూ తీర్మానం చేసింది. చుక్కమ్మ మిగిలినవాళ్ళ కంటే ముందే తల ఊపింది.

ఇక్కడే మచ్చల దొర లెక్క తప్పింది.

వెనకట తీతువు కూస్తే జంతువులు పారిపోయేవి, కూయకపోతే ధైర్యంగా వచ్చి తాగేవి. కూత లేకపోవడమే వాటికి భరోసా. ఇప్పుడు కూత ఎప్పుడూ లేదు. చిరుత ఉన్నా లేదు, లేకపోయినా లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఏమని నమ్మాలి? నాలుగు రోజులు చూసి, దుప్పులు, కణుజులు, కుందేళ్ళు అన్నీ కొండ అవతల, చుట్టూ నక్కడానికి రెల్లే లేని మడుగుకు దారి మార్చాయి. వాగు దగ్గర ఈగ వాలలేదు. మచ్చల దొర రెల్లులో పడుకుని తొమ్మిది రోజులు తన ఆవులింతలు తానే విన్నాడు.

పదో రోజు తీతమ్మ దగ్గరికి వచ్చాడు. నడక కొంచెం తూలుతోంది.

"చెల్లెమ్మా, అప్పుడప్పుడూ ఒక కూత వెయ్యకూడదూ? నేను లేనప్పుడు ఆపేస్తే చాలు, అందరూ ధైర్యంగా మళ్ళీ నీళ్ళకొస్తారు. పాతరోజుల్లోలాగా."

"అర్జీ పెట్టాలి, అన్నా. మూడు రోజులు."

"పత్రం నేనే ఇస్తాను. ఇప్పుడే ఇస్తాను."

"నాకొద్దు," అంది తీతమ్మ. "ఇటు గిట్ట అన్నది రావడం లేదు. నా మూడు గుడ్లూ చల్లగా ఉన్నాయి. ఈ చట్టం నాకిప్పుడు బాగా నచ్చింది."

మచ్చల దొర బండ మీదికి పోయాడు. చట్టం రద్దు చేయమని వేడుకున్నాడు.

"దేనికి?" అన్నాడు జుట్టప్ప. "చావులు సున్న."

"అందుకేనండీ."

"పని చేస్తున్న చట్టాన్ని రద్దు చేస్తే జనం ఏమనుకుంటారు? సమీక్షకు ఆరు నెలలు పడుతుంది."

"అందాకా నేను తినేదేమిటి?"

"అది ఆహార ఉపసంఘం పరిధి."

"అందులో ఎవరున్నారు?"

"మేమే," అన్నాడు కోరన్న.

మచ్చల దొర ముగ్గుర్నీ ఒక్కొక్కరినే చూశాడు. కోరన్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అడవి మొత్తం వాగును వదిలేసినా ఉపసంఘం మాత్రం వదల్లేదు. వాగు సురక్షితమని రాసింది వాళ్ళే. రాసినవాళ్ళు నమ్మకపోతే ఎలా?

తరువాతి కొలువు నాటి ఉదయం తీతమ్మకు మొదటి గుడ్డు లోపలినుంచి టక్కుమని చప్పుడు వినిపించింది. కాసేపటికి రెండోది. మధ్యాహ్నానికి పెంకుల మీద చీలికలు కనబడ్డాయి. ఇంకొక్క పూట. పిల్లలు బయటికొచ్చి తడి ఆరితే చాలు, తీతువు పిల్లలు పుట్టిన పూటే నడుస్తాయి.

బండ మీద ఆ వేళ ఒకటే అంశం. ఈ చట్టాన్ని పక్క అడవికి నమూనాగా పంపాలా, లేక వాళ్ళే వచ్చి అడిగేదాకా ఆగాలా.

రెల్లు కదిలింది. ఒక బెత్తెడు. తర్వాత ఇంకో బెత్తెడు, బండ వైపు.

చిరుత బండ మీదికి దూకితే కోరన్న, చుక్కమ్మ ఎటు పరిగెడతారు? ఏటవాలు ఇటే ఉంది. గులకరాళ్ళ మీదుగా.

తీతమ్మ ఇంక ఆలోచించలేదు. లేచి, మూడు వారాలుగా మింగిన కూతలన్నీ కలిపి కూసింది. వాగు రెండు గట్లూ మోగాయి.

బండ మీద ఎవరూ పరిగెత్తలేదు.

"అనుమతి ఉందా?" అన్నాడు జుట్టప్ప.

ముళ్ళయ్య కట్ట తిరగేశాడు. "లేదండీ."

"దిక్కు చూపిందా?"

"మీ వెనకే," అని అరిచింది తీతమ్మ.

"అర్జీలో చూపాలి," అన్నాడు ముళ్ళయ్య, వీపు మీదనుంచి ఒక ముల్లు పీక్కుంటూ.

కోరన్న లేచాడు. ఆక్రమణ తొలగించడం అతని విధి, విధి అంటే అతనికి ప్రాణం. ముట్టె ముందుకు పెట్టుకుని బండ దిగి, గులకరాళ్ళ మీద గురగురమంటూ వస్తున్నాడు. తీతయ్య గుడ్ల మీద పరుచుకుని కళ్ళు మూసుకున్నాడు, కానీ లేవలేదు. పెళ్ళయ్యాక తీతమ్మకు మొగుడి మీద గౌరవం కలిగింది ఆ క్షణాన్నే.

"కోరన్నా, ఒక్కసారి వెనక్కి చూడు."

"విధుల్లో ఉన్నవాణ్ణి బెదిరించడం ఇంకో నేరం. రాసుకో ముళ్ళయ్యా."

"రాస్తున్నా."

"నా మాట విను, నీ మేలు కోరి..."

"మాట మార్చకు. ఏవీ గుడ్లు? ఇది రాయా, గుడ్డా?"

అదే అతని ఆఖరి ప్రశ్న. ఒంటరిగా, గుంపుకు దూరంగా, తల వంచుకుని నిలబడ్డ జంతువును చిరుత వదలదు. పెద్ద చప్పుడేమీ కాలేదు. గుడ్లకు రెండడుగుల ఇవతలినుంచి మచ్చల దొర కోరన్నను రెల్లులోకి ఈడ్చుకుపోయాడు. జుట్టప్ప చెట్టెక్కాడు. ముందర దారి ఖాళీ కనబడేసరికి చుక్కమ్మ వచ్చిన బాటనే మాయమైంది.

ముళ్ళయ్య మాత్రం ముళ్ళు నిక్కబొడుచుకుని కూర్చున్నచోటే కూర్చుని రాశాడు. కూత తర్వాత చావులు: ఒకటి.

"చూశారా?" అన్నాడు జుట్టప్ప, చెట్టు మీదనుంచే. "చట్టం లేకపోతే ఇంకెన్ని జరిగేవో. మూడు రోజుల గడువును ఏడు చేయండి."

మర్నాడు సంతాప సభ జరిగింది. ఖాళీ అయిన స్థానానికి, వాగు వ్యవహారాల్లో అనుభవమున్నవాడని మచ్చల దొర పేరు వచ్చింది. చుక్కమ్మ బలపరిచింది.

ఆ సాయంత్రం ముళ్ళయ్య నోటీసు పట్టుకుని గులకరాళ్ళ దగ్గరికి వచ్చాడు. అక్కడ మూడు పెంకులు తప్ప ఏమీ లేవు. "ఆక్రమణ తొలగించబడినది" అని రాసుకుని, పని తొందరగా అయినందుకు సంతోషించి వెళ్ళిపోయాడు.

అప్పటికి తీతమ్మ, తీతయ్య, పుల్లల్లాంటి కాళ్ళతో మూడు పిల్లలు వాగు దాటి, అవతలి గట్టు ఎక్కుతున్నాయి. అక్కడింకా మండలి ఏర్పడలేదు. దారిలో పిల్లలకు తల్లి మొదటి పాఠం మొదలుపెట్టింది, ఎంత గట్టిగా కూయాలో.

పిల్లలకు తల్లి చెప్పకుండా దాచిన నీతి ఒకటుంది: నోరు తెరిచేది కూయడానికైతే ముందు అనుమతి తీసుకోవాలి, తినడానికైతే అక్కర్లేదు.