మాంసం లాటరీలో హార్డ్ డిస్కు

శుక్రవారం పొద్దున బెవన్ వేసుకున్న ప్రణాళిక చిన్నదే. టీ తాగడం, హార్డ్ డిస్కు ఒకసారి పెట్టి చూడడం, క్లబ్బుకెళ్లి పచ్చిక కత్తిరించడం. పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట ఆడే ఆ బౌల్స్ క్లబ్బుకు మర్నాడు డెబ్బై ఐదో వార్షికోత్సవం. ఏడాదంతా ఇల్లిల్లూ తిరిగి భార్య గ్లెనిస్ సేకరించిన పాత ఫోటోలన్నీ ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి చూపించాలి. అవన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. ఎలాగూ అందులో ఉన్నాయి కదా అని, పోయిన వారమే బెవన్ లాప్‌టాప్‌లోవన్నీ చెరిపేసి శుభ్రం చేసేశాడు.

డిస్కు తగిలించగానే టిక్కు టిక్కుమంది. ఫోటోలు మాత్రం రాలేదు.

ఇలాంటి డిస్కును ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందని ఎప్పుడో ఎవరో చెప్పినట్టు గుర్తు. తడి తగలకుండా రెండు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి, గ్లెనిస్ కంట పడకుండా పైన మాంసం కాగితం చుట్టి, ఫ్రీజర్‌లో మిగతా మాంసం పొట్లాల మధ్య దాచి పచ్చిక పనికి వెళ్లాడు.

సాయంత్రం వచ్చేసరికి ఫ్రీజర్ ఖాళీ.

"గ్లెనిస్! ఇందులో పొట్లాలేవీ?"

"ఇవాళ శుక్రవారం కదా. వారం వారం క్లబ్బులో తీసే మాంసం లాటరీకి ఆ పొట్లాలన్నీ బహుమతి ట్రేల్లో సర్ది ఇచ్చొచ్చాను. ఒక పొట్లం రాయిలా ఉంది, మంచి స్టేక్ అయ్యుంటుందని మొదటి బహుమతిలో పెట్టా. ఏం, అలా అయిపోయావు?"

"ఏం లేదు. ఆకలి," అని బెవన్ పరుగెత్తాడు.

క్లబ్బులో అడిగితే, మొదటి బహుమతి తోటి ఆటగాడు క్లైవ్ గెలిచి ఇంటికి పట్టుకుపోయాడట. బెవన్ వెళ్లేసరికి క్లైవ్ వంటింటి సింకులో, గోరువెచ్చని నీళ్లలో పొట్లం నానుతోంది.

"క్లైవ్, అది నాది. ఇచ్చెయ్యి."

"క్లబ్బు బోర్డు చదువుకున్నావా? 'గెలిచిన ట్రే వాపసు తీసుకోబడదు.' ఎవడు రాశాడ్రా అది?"

రాసింది బెవనే. సాసేజ్‌లు గెలిచిన ప్రతిసారీ వాటిని ఎముక ముక్కల చాప్స్‌కి మార్చమని క్లైవ్ వేధిస్తుంటే, అతనికోసమే రాశాడు.

"అది మాంసం కాదురా బాబూ! క్లబ్బు ఫోటోలు!"

క్లైవ్ కాగితం విప్పి, సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది.

"అయితే ఫైనల్ రోజు నేను బంతి వేయడానికి వంగితే ప్యాంటు వెనక చిరిగిన ఫోటో కూడా ఇందులోనే ఉందన్నమాట."

"ఉంది."

"అది తీసేస్తే ఇస్తా."

అదృష్టం, సంచుల్లోకి చుక్క నీరు పోలేదు. డిస్కుకు చల్లదనం తగ్గేదాకా ఇద్దరూ చెరో బీరు తాగారు. క్లైవ్‌కూ అలాంటి డిస్కే ఉంది, దాని వైరు తెచ్చి తన కంప్యూటర్‌కు తగిలించాడు. ఒక్క టిక్కు లేదు. ఫోటోలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి.

"పాడైంది డిస్కు కాదురా, నీ వైరు. మీ పిల్లి కొరికినట్టుంది. దానికి ఫ్రీజర్ వైద్యమా?"

బెవన్ ప్యాంటు ఫోటో చెరిపేశాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. క్లైవ్ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆరో ఫోటో, గోడంత ఎత్తున, అతని చిరిగిన ప్యాంటు. హాలు ఘొల్లుమంది.

"చెరిపేశానే!" అన్నాడు బెవన్, గ్లెనిస్ చెవిలో.

"నీ డిస్కు తెరిచిందెవరు? సాసేజ్ వాసనొస్తోంది. నువ్వు లాప్‌టాప్ శుభ్రం చేస్తానన్నప్పుడే నేనో కాపీ తీసి బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నా. నీ శుభ్రం నాకు కొత్తా?"

చప్పట్లు ఆగకపోవడంతో క్లైవ్ లేచి నిలబడి, ఒకసారి వెనక్కి తిరిగి, వంగి మరీ దణ్ణం పెట్టాడు. బెవన్ వైపు మాత్రం చూడలేదు.

మరుసటి శుక్రవారం క్లబ్బు బోర్డు మీద, వాపసు నియమం కింద, క్లైవ్ చేతిరాతలో ఇంకొకటి చేరింది: 'మొదటి బహుమతిని ముందుగా బెవన్ కొరికి చూపించవలెను.'